ముల్లును తీసిన ముల్లు: స్పాంజి పురుగు, దాని చెట్లు, దాని శత్రువులు

సభకు నమస్కారం.

ఇవాళ్టి ప్రసంగానికి "అడవి పురుగులు, వాటి సహజ శత్రువులు" అని పెద్ద పేరే పెట్టారు. అంత పెద్ద పేరుకు గంట సమయం చాలదు. అందుకని ఒక్క పురుగును మాత్రమే తీసుకుంటాను. దాని వెనుక నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది. దాన్ని చంపమని తెచ్చిపెట్టిన పురుగుల చరిత్ర ఇంకొకటి ఉంది. నాకు ఆ రెండోదే ఎక్కువ ఇష్టం.

ఇదొక చిమ్మట. శాస్త్రీయ నామం లైమాంట్రియా డిస్పార్. పేరు పెట్టింది లిన్నేయస్, 1758లో. డిస్పార్ అంటే లాటిన్‌లో ఒకదానికొకటి పోలిక లేనిది అని. ఆడదాన్నీ మగదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇవి ఒకే జాతివని నమ్మబుద్ధి కాదు. మగది గోధుమ రంగులో సన్నగా ఉండి పగలంతా ఎగురుతూ తిరుగుతుంది. ఆడది తెల్లగా, బరువుగా ఉంటుంది. ఐరోపా రకంలో ఆడదానికి రెక్కలున్నా ఎగరలేదు. ప్యూపా నుంచి, అంటే గొంగళికీ రెక్కల పురుగుకీ నడిమి నిద్ర దశ నుంచి, బయటికొచ్చిన చోటికి దగ్గరలోనే గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. ఆసియా రకాల్లో ఆడది ఎగరగలదు. ఓడరేవుల్లో తనిఖీ అధికారులకు నిద్ర పట్టనివ్వనిది ఆ రకం.

ఇంగ్లీషులో దీన్ని చాలాకాలం రోమా ప్రజలను కించపరిచే ఒక మాటతో పిలిచారు. అమెరికా కీటకశాస్త్ర సంఘం 2021లో ఆ పేరు తీసేసి, 2022లో స్పాంజీ మాత్ అని మార్చింది. ఆడపురుగు గుడ్లు పెట్టాక తన పొట్టమీది నూగునే వాటిమీద కప్పుతుంది. ఆ ముద్ద చూడటానికి పసుపు గోధుమ రంగు స్పాంజి ముక్కలా ఉంటుంది. ఫ్రెంచివాళ్లు ముందు నుంచీ ఆ పోలికతోనే పిలుస్తున్నారు. మనం కూడా ఈ గంటసేపూ స్పాంజి పురుగు అనే అందాం.

దీనికి ఏడాదికి ఒకే తరం. వేసవి నడిమధ్య పెట్టిన గుడ్లు ఎనిమిది, తొమ్మిది నెలలు అలాగే ఉండిపోతాయి. మంచు కాలమంతా గుడ్డులోనే గడుస్తుంది. వసంతంలో ఓక్ చెట్టు చిగురు తొడిగే వేళకు పిల్లలు బయటపడతాయి. ఒక ముద్దలో కొన్ని వందల గుడ్లుంటాయి, ఒక్కోసారి వెయ్యి దాకా. పుట్టిన పిల్ల చెట్టెక్కి, సన్నని దారం వదిలి, గాలికి వేలాడి, ఎటు తీసుకెళితే అటు పోతుంది. తల్లి ఎగరలేకపోయినా పిల్లలు ఊళ్లు దాటతాయి. ఆ తర్వాత ఆరేడు వారాలు తినడమే పని. పెరిగిన గొంగళి వీపు మీద ముందు ఐదు జతల నీలం చుక్కలు, వాటి వెనుక ఆరు జతల ఎర్ర చుక్కలు ఉంటాయి. ఒక్కో గొంగళి తన జీవితకాలంలో తినే ఆకు ఒక చదరపు మీటరు దాకా ఉంటుందని లెక్క. పిడికెడు కూడా ఉండని ఒక్క గుడ్ల ముద్ద వల్ల వందల చదరపు మీటర్ల ఆకు మాయమవుతుందన్నమాట.

ఈ పురుగు సొంత ఊరు ఐరోపా, ఆసియా, ఉత్తరాఫ్రికా. అక్కడా అప్పుడప్పుడు విజృంభిస్తుంది కానీ, అసలు గొడవంతా అమెరికాలో జరిగింది. అక్కడికి తీసుకెళ్లింది ఒక చిత్రకారుడు.

ఎతియెన్ లియోపోల్ ట్రూవెలో అనే ఫ్రెంచి మనిషి మసాచుసెట్స్‌లో, బోస్టన్ పక్కన మెడ్‌ఫర్డ్ అనే ఊళ్లో ఉండేవాడు. ఆయనకు పట్టు మీద మోజు. అమెరికాలో దొరికే పాలిఫీమస్ అనే పెద్ద పట్టుపురుగును ఇంటి వెనుక లక్షల్లో పెంచాడు. అది మన దసలి పట్టుపురుగుకు దగ్గరి చుట్టం, రెండూ ఆంతెరియా ప్రజాతిలోవే. 1868లోనో 1869లోనో ఆయన ఐరోపా నుంచి స్పాంజి పురుగు గుడ్లు తెచ్చుకున్నాడు. కొన్ని తప్పించుకున్నాయి. ఆయన దాచలేదు, తెలిసినవాళ్లకు చెప్పాడంటారు. ఎవరూ పట్టించుకోలేదు. ఆయన కూడా పురుగుల్ని వదిలేసి ఆకాశం వైపు తిరిగాడు. గ్రహాలు, తోకచుక్కలు, సూర్యుడి మచ్చల చిత్రాలు గీసి పేరు తెచ్చుకున్నాడు. ఇవాళ ఆయన పేరు ఖగోళ చరిత్రలో గౌరవంగానే వినబడుతుంది. మా కీటకశాస్త్రంలో మాత్రం అలా కాదు. (నవ్వులు)

ఇరవై ఏళ్లు ఏమీ జరగలేదు. పురుగు కొత్త చోట కుదురుకోవడానికి అంత సమయం తీసుకుంది. 1889లో మెడ్‌ఫర్డ్ వీధుల్లో చెట్లన్నీ మోడయ్యాయి. గొంగళి పురుగులు గోడలెక్కాయి, నడకదారుల మీద కాలు పెట్టే చోటు లేదు, రాత్రిళ్లు పెంటికలు రాలే చప్పుడు చినుకుల్లా వినబడేదని ఆ ఊరివాళ్లు చెప్పిన మాటలు నమోదై ఉన్నాయి. 1890లో రాష్ట్ర ప్రభుత్వం యుద్ధం ప్రకటించింది. గుడ్ల ముద్దలను గీకారు, క్రియోసోటు పూశారు, చెట్ల మొదళ్లకు గోనెగుడ్డ కట్టారు, విషం చల్లారు. లెడ్ ఆర్సెనేట్ అనే సీసపు విషాన్ని 1890ల మొదట్లో ఈ పురుగు కోసమే తయారుచేశారు. ఆ తర్వాత అది తోటలన్నిటికీ పాకి, దశాబ్దాలు నిలిచింది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే. 1900 నాటికి పురుగు కాస్త తగ్గింది, డబ్బు ఆపేశారు. ఐదేళ్లలో మళ్లీ వచ్చింది.

ఇక చెట్ల సంగతి.

స్పాంజి పురుగు తినే చెట్లు, పొదలు మూడు వందల జాతులకు పైనే అని పుస్తకాల్లో ఉంటుంది. ఆ లెక్క విని ఇది ఏ చెట్టునైనా తింటుందనుకుంటే పొరపాటు. అన్నీ తినగలగడం వేరు, అన్నిటి మీదా బతికి పెరగడం వేరు. ఓక్ దీనికి కంచంలో అన్నం. యాస్పెన్, బర్చ్, విల్లో, లిండెన్, ఆపిల్, లార్చ్ కూడా ఇష్టమే. మేపుల్, బీచ్, హికరీ దొరికితే తింటుంది. యాష్, తులిప్ పాప్లర్, నల్ల వాల్‌నట్, డాగ్‌వుడ్, హోలీ లాంటివి ఆకలితో చస్తున్నా ముట్టదు. చుట్టూ ఓక్‌లన్నీ మోడైపోయి మధ్యలో ఒక తులిప్ పాప్లర్ పచ్చగా నిలబడి ఉండటం ఆ అడవుల్లో మామూలు దృశ్యం.

పైన్, హెమ్లాక్ లాంటి సూదాకు చెట్ల కథ విచిత్రం. చిన్న పిల్లలు వాటిని కొరకలేవు. ఓక్ మీద పెరిగి పెద్దయిన గొంగళ్లు మాత్రం పక్కనున్న సూదాకు చెట్టెక్కి తినేస్తాయి. కాబట్టి ఒట్టి పైన్ తోపుకు దీనివల్ల భయం తక్కువ. ఓక్‌ల మధ్య నిలబడ్డ పైన్‌కే ప్రమాదం, సావాసదోషం. పైగా దెబ్బ తట్టుకోవడంలో తేడా ఉంది. ఓక్ ఆకు మొత్తం పోయినా నెల తిరిగేసరికి మళ్లీ చిగురిస్తుంది. హెమ్లాక్‌కు ఆకు పూర్తిగా పోతే ఒక్క ఏడాదిలోనే ప్రాణం పోవచ్చు.

అయితే ఓక్ ఆ రెండో చిగురును ఊరికే తొడగదు, దాచుకున్న పిండిపదార్థం ఖర్చుపెడుతుంది. వరసగా రెండేళ్లు ఇలా జరిగితే చెట్టు డీలా పడుతుంది. అప్పుడు వస్తుంది రెండు చారల చెస్ట్‌నట్ బోరర్ అనే పెంకు పురుగు. వేళ్ల మీద ఆర్మిలేరియా అనే శిలీంధ్రం కూడా పట్టుకుంటుంది. ఈ రెండూ ఆ అడవుల్లో పాతకాపులే, ఆరోగ్యంగా ఉన్న చెట్టును ఏమీ చేయలేవు. స్పాంజి పురుగు తలుపు తీసిపెడితే ఇవి లోపలికి వస్తాయి. ఎండిన ఓక్‌ను చూసి గొంగళి చంపిందంటాం కానీ, చివరి దెబ్బ చాలాసార్లు వీటిదే.

చెట్టు ఎదురు తిరగదా అంటే, తిరుగుతుంది. 1982లో షుల్ట్స్, బాల్డ్విన్ అనే ఇద్దరు ప్రచురించిన పరిశోధన ప్రకారం, గొంగళి తినేసిన ఎర్ర ఓక్ ఆ తర్వాత తొడిగే ఆకులో టానిన్లు పెరుగుతాయి. ఆకు ముదురుగా, వగరుగా మారుతుంది. అది తిన్న పురుగు సరిగా ఎదగదు, ప్యూపా తేలికవుతుంది, పెట్టే గుడ్లు తగ్గుతాయి. ఇక్కడి దాకా చెట్టు గెలిచినట్టే ఉంది.

ఇప్పుడు చూడండి. ఈ పురుగును మూకుమ్మడిగా చంపేది ఒక వైరస్. పురుగుల సాంద్రత మితిమీరినప్పుడు ఇది చెలరేగి, గొంగళ్లు తలకిందులు చేసిన ఇంగ్లీషు V అక్షరంలా వేలాడుతూ కుళ్లిపోతాయి. గొంగళి ఆకుతో పాటు ఈ వైరస్‌ను మింగాలి. అదే టానిన్ వైరస్‌ను కూడా పట్టేస్తుందని 1988లో ప్రయోగశాలలో తేలింది. వగరు ఆకు తిన్న గొంగళికి జబ్బు తక్కువగా అంటింది. యాస్పెన్ మీద పెరిగిన గొంగళి కంటే ఓక్ మీద పెరిగింది వైరస్‌కు ఎక్కువ తట్టుకుంది. చెట్టు తన రక్షణ కోసం చేసుకున్న మందు శత్రువుకు కవచమైంది. తర్వాత అడవిలో చేసిన పరిశీలనల్లో ఇది ఇంత స్పష్టంగా కనబడలేదు, ఆ సంగతి కూడా చెప్పాలి. ప్రయోగశాలలో శుభ్రంగా వచ్చే లెక్క అడవిలో బురద అంటించుకుంటుంది. నేను మీకు ఇది చెప్పడం ఎందుకంటే, చెట్టు ఒక పక్క, శత్రువులు ఒక పక్క అని విడివిడిగా పట్టిక వేయడం మా పుస్తకాల అలవాటు. అడవికి ఆ అలవాటు లేదు.

ఇక శత్రువులు. 1905లో అమెరికా కీటకశాస్త్ర విభాగం అధిపతి ఎల్.ఓ. హొవార్డ్ ఒక ఆలోచన పట్టుకున్నాడు. ఐరోపాలో ఈ పురుగు ఉంది, కానీ ఇంత బీభత్సం లేదు. అక్కడ దీన్ని తినేవి ఉన్నాయి, ఇక్కడ లేవు. వెళ్లి తెద్దాం. ముల్లును ముల్లుతోనే తీయాలని మనమూ అంటాం కదా. ఆయన స్వయంగా ఐరోపా తిరిగి, గొంగళ్లు, ప్యూపాలు సేకరించి పంపేవాళ్లను కుదుర్చుకున్నాడు. ట్రెవర్ కిన్‌కెయిడ్ అనే ఆచార్యుణ్ణి 1908లో జపానుకు పంపాడు. పెట్టెల కొద్దీ సరుకు ఓడల్లో వచ్చేది. చాలావరకు చచ్చిపోయి వచ్చేది. వచ్చినదాన్ని విప్పి, లోపలి నుంచి ఏ ఈగ బయటపడుతుందో, ఏ కందిరీగ బయటపడుతుందో చూసి, పెంచి, వదిలే పని ఫిస్క్ అనే ఆయన బృందానిది. గొంగళి వెంట్రుకలతో వాళ్ల చర్మమంతా దద్దుర్లు. హొవార్డ్, ఫిస్క్ కలిసి 1911లో రాసిన నివేదికను ఇప్పటికీ చదువుతాం.

వాళ్ల ప్రణాళికలో ఒక అందం ఉంది. పురుగు ఒక్కో దశకు ఒక్కో శత్రువును పెట్టాలి, వరసగా కాపలా కాసినట్టు. గుడ్డుకు ఒకటి, పిల్లకు ఒకటి, పెద్ద గొంగళికి ఒకటి, ప్యూపాకు ఒకటి. డజన్ల జాతులు తెచ్చారు, నిలబడింది సుమారు పది. వాటిలో కొన్ని చూద్దాం. వీటిని మన వ్యవసాయ పుస్తకాల్లో బదనికలు అంటారు. చెట్టు మీది బదనిక పేరే. కాకపోతే చెట్టు మీది బదనిక చెట్టును ఉంచుకుని బతుకుతుంది. ఈ పురుగు బదనిక తనను మోసినదాన్ని చంపి మరీ బయటికొస్తుంది.

గుడ్డు దగ్గర ఊయెన్‌సిర్టస్ కువానే కాపలా. జపాను నుంచి వచ్చింది. మిల్లీమీటరు పైచిలుకు ఉండే నల్లటి కందిరీగ. గుడ్ల ముద్ద మీద తాపీగా నడుస్తూ, గుడ్డులోకి తన గుడ్డు దించుతుంది. దానికున్న చిక్కల్లా సూది పొట్టిది కావడం. ముద్దలో పై పొరలో ఉన్న గుడ్లే అందుతాయి. లోపలి గుడ్లు క్షేమం. అందువల్ల ఎంత కష్టపడినా సాధారణంగా పది నుంచి నలభై శాతం గుడ్లే పోతాయి. పురుగు విజృంభించి, తిండి చాలక, గుడ్ల ముద్దలు చిన్నవైన ఏడాది దీని పంట పండుతుంది. ముద్ద చిన్నదైతే పై పొర వాటా పెరుగుతుంది, అంతే. ఒక పొట్టి సూది, ఒక ముద్ద మందం, ఈ రెండిటి లెక్క మీద అడవి జాతకం కొంత ఆధారపడి ఉందంటే నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

పిల్ల గొంగళికి కోటీసియా మెలనోసెలా. ఇది కూడా కందిరీగే. ఏడాదికి రెండు తరాలు. బాగానే పనిచేస్తుంది, కానీ దీని గూళ్ల మీద పడి తినే స్థానిక కందిరీగలు చాలా ఉన్నాయి. రెండో తరం చలికాలం గడిపేలోపు ఆ గూళ్లు చాలావరకు ఖాళీ అవుతాయి. బదనికకు బదనిక. దీని సంగతి చివర్లో మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

పెద్ద గొంగళికి ఈగలు, టాకినిడ్ కుటుంబానివి. పట్టు పరిశ్రమ తెలిసినవాళ్లకు ఊజీ ఈగ తెలిసే ఉంటుంది. 1980లో కర్ణాటకలో అడుగుపెట్టి పట్టు రైతులను ఏడిపించిన ఈగ. అదీ ఈ కుటుంబానిదే. గొంగళిని చంపే ఈగ పట్టు గదిలో శత్రువు, అడవిలో మిత్రుడు. ఈగకు ఆ తేడా తెలియదు.

ఈ ఈగల్లో ఒక్కోదానిది ఒక్కో పద్ధతి. పారసెటిజెనా సిల్వెస్ట్రిస్ తెల్లటి గుడ్డును నేరుగా గొంగళి చర్మం మీద అంటిస్తుంది. గొంగళి సమయానికి కుబుసం విడిస్తే గుడ్డు పోతుంది, లేకపోతే గొంగళి పోతుంది. బ్లెఫరైపా ప్రటెన్సిస్ అయితే గొంగళిని వెతకదు. కొరికిన ఆకు నుంచి వచ్చే వాసనను పట్టుకుని, ఆ ఆకు మీద ఇసుక రేణువంత గుడ్లను వేల కొద్దీ చల్లుతుంది. గొంగళి ఆకుతో పాటు వాటిని మింగుతుంది. లోపల గుడ్డు పగిలి, పిల్ల కండలోకి చేరి, గొంగళి ప్యూపా అయ్యేదాకా ఓపిక పట్టి, అప్పుడు తినడం మొదలుపెడుతుంది. తర్వాత నేలలోకి దిగి మళ్లీ వసంతం దాకా పడుకుంటుంది. గొంగళికి ఏడాదికి ఒక తరం, ఈ ఈగకూ ఒక తరం. గడియారం కలిసింది.

ప్యూపాకు బ్రాకిమేరియా అనే బలిసిన తొడల కందిరీగ ఉంది, దాన్ని దాటేస్తాను. కాలోసోమా సైకోఫాంటా గురించి మాత్రం చెప్పకుండా ఉండలేను. ఐరోపా నుంచి తెచ్చిన పెంకు పురుగు. రెక్కల పెంకులు బంగారు ఆకుపచ్చ, మెడ ముదురు నీలం. పట్టుకుంటే ఘాటైన వాసన వదులుతుంది. దీని చుట్టాలు చాలావరకు నేలమీద తిరుగుతాయి, ఇది చెట్టెక్కి వేటాడుతుంది. దీని పిల్ల ఒక్కటి పెరిగే రెండు వారాల్లో యాభై దాకా గొంగళ్లను, ప్యూపాలను తింటుంది. పెద్దది రెండు నుంచి నాలుగేళ్లు బతుకుతుంది, ఏడాదిలో నెల రోజులు మాత్రమే పైకి వచ్చి మిగతా కాలమంతా నేలలో నిద్రపోతుంది. గొంగళ్లు కోకొల్లలుగా ఉన్న చోటే దీని సంఖ్య పెరుగుతుంది. అంటే మంటలు చెలరేగాక రెండు, మూడేళ్లకు నిండుగా వచ్చే అగ్నిమాపక దళం. అందంగానే ఉంటుంది కానీ, ఆలస్యం.

(సభలో ఒకరు: ఇన్ని శత్రువుల్ని తెచ్చి పెట్టాక పురుగు తగ్గిపోవాలి కదండీ?)

తగ్గలేదండీ. 1981లో ఒక్క ఏడాదిలో ఒక కోటి ఇరవై తొమ్మిది లక్షల ఎకరాల అడవిని మోడు చేసింది. శత్రువులు లేక కాదు. పురుగు తక్కువగా ఉన్న ఏళ్లలో దాన్ని తక్కువగానే ఉంచేది ఎవరో తేల్చడం మాకు చాలాకాలం పట్టింది. తేలాక కొంచెం సిగ్గుపడ్డాం కూడా. అది ఓడల్లో తెచ్చిన ఏ కందిరీగా కాదు, అక్కడి అడవిలో మొదటి నుంచీ ఉన్న తెల్లపాదాల చిట్టెలుక. ప్యూపాలు ఆకుల చెత్తలో, చెట్టు మొదట్లో ఉంటాయి. ఎలుక రాత్రి తిరుగుతూ వాటిని ఏరుకుని తింటుంది. ఆ ఎలుక చలికాలం గట్టెక్కేది ఓక్ కాయలతో. కాయ విరగకాసిన ఏడాది తర్వాత ఎలుకలు పెరుగుతాయి, కాయ లేని ఏడాది తర్వాత తగ్గుతాయి, ఎలుక తగ్గిన చోట పురుగు పుంజుకునే వీలుంటుంది. 1998లో అచ్చయిన ప్రయోగంలో ఎలుకల్ని తీసేసిన చోట్ల ప్యూపాలు ఎక్కువగా బతికి బట్టకట్టాయి. గొంగళికి తిండిపెట్టేదీ ఓక్, గొంగళిని తినేవాడికి తిండిపెట్టేదీ ఓక్. ఈ ఎలుకకు ఒక చెడ్డపేరు కూడా ఉంది, పిడుదులు కుట్టి మనుషులకు వచ్చే లైమ్ జ్వరం సూక్ష్మజీవికి ఇది పెద్ద ఆశ్రయం. కాబట్టి దీన్ని పెంచండని సలహా ఇవ్వలేం.

ఎంటమోఫాగా మైమైగా అనే శిలీంధ్రం సంగతి కూడా చెప్పి ముందుకు వెళతాను. 1910లో జపాను నుంచి తెచ్చి బోస్టన్ దగ్గర వదిలారు, జాడ లేకుండా పోయింది. 1989లో అడవుల్లో ఎవరూ ఊహించకుండా ప్రత్యక్షమైంది. గొంగళ్లు తల కిందికి పెట్టి నిటారుగా వేలాడుతూ చచ్చాయి. పాత విడుదల నుంచే నిదానంగా వచ్చిందా, తర్వాత ఎవరి వెంటో కొత్తగా వచ్చిందా అన్న వాదన చాలాకాలం నడిచింది. వసంతంలో వానలుంటే ఇది పురుగును ఊడ్చేస్తుంది. 2015 నుంచి వానలు ముఖం చాటేసినప్పుడు అమెరికా ఈశాన్య మూలనున్న న్యూ ఇంగ్లండ్ దక్షిణ భాగంలో పురుగు మళ్లీ లేచింది.

ఇప్పుడు ఇందాక ఈగల వరసలో చెప్పకుండా ఆపిన ఒక ఈగ దగ్గరికి వస్తాను. అసలు ఇవాళ మాట్లాడటానికి ఒప్పుకున్నది దీని కోసమే. పేరు కంప్సిల్యూరా కాన్సినేటా. 1906లో మొదలుపెట్టి, 1986 దాకా ఏదో ఒక పురుగు మీదికి మళ్లీ మళ్లీ వదిలారు. ఇది గుడ్లు పెట్టదు. ఆడ ఈగ పొట్ట కింద కొడవలి లాంటి ముల్లుంటుంది. దానితో గొంగళి చర్మాన్ని పొడిచి, బతికున్న పిల్లనే లోపల పెడుతుంది. పది రోజుల్లో పని ముగుస్తుంది. చురుకైనది, వెతుకులాటలో దిట్ట. పరిశోధకులు అడవిలో కావాలని స్పాంజి పురుగు సంఖ్యను పెంచిన చోట్ల, ఈ ఈగ ఎక్కువగా వచ్చి వాటిని తగ్గించేసిందని 1990లో ప్రచురించారు. అంతవరకూ ఆదర్శ మిత్రురాలు.

కానీ లెక్క వేయండి. స్పాంజి పురుగుకు ఏడాదికి ఒక తరం, గొంగళి దొరికేది వసంతం చివర రెండు నెలలు. ఈ ఈగకు ఏడాదికి మూడు, నాలుగు తరాలు. మిగతా తరాలు ఏం తిని బతుకుతున్నాయి? ఇంకో సంగతి, ఈ ఈగ చలికాలాన్ని వేరే పురుగు ప్యూపాలో పిల్లగా గడుపుతుంది. స్పాంజి పురుగు ఆ కాలంలో గుడ్డుగా ఉంటుంది, దానిలో ఈగకు చోటు లేదు. అంటే వేరే పురుగులు లేకుండా ఈ ఈగ ఒక్క ఏడాది కూడా గట్టెక్కలేదు. ఇది వదిలిన రోజు నుంచీ తెలిసిన విషయమే. అప్పట్లో దాన్ని లోపంగా చూడలేదు, వేరే ఆధారం ఉంటే ఈగ బలంగా ఉంటుంది కదా అని మెచ్చుకున్నారు. ఈగ దాడి చేసే జాతుల లెక్క ఇప్పటికి నూట ఎనభై దాటింది.

2000లో బోట్నర్, ఎల్కింటన్, మరో బోట్నర్ కలిసి ఒక పరిశోధన ప్రచురించారు. మసాచుసెట్స్‌లో సిక్రోపియా అనే పెద్ద పట్టుపురుగు గొంగళ్లను ఐదు వందలు తీసుకెళ్లి చెట్ల మీద వదిలి, ప్రతి రోజూ గమనించారు. గొంగళి కుబుసం విడిచినప్పుడల్లా ఒక దశ దాటుతుంది. ఐదో దశ దాటి ఒక్కటి కూడా బతకలేదు. మొదటి మూడు దశల్లో చేసిన విడి పరీక్షల్లో చావుల్లో 81 శాతానికి కారణం ఈ ఈగే. ప్రోమీథియా అనే ఇంకో పట్టుపురుగును వారం రోజులు బయట ఉంచితే మూడింట రెండు వంతులు ఈగ వాతపడ్డాయి. ట్రూవెలో ఇష్టపడి పెంచిన పాలిఫీమస్ కూడా ఈ పట్టుపురుగుల కుటుంబానిదే. నూటికొకరైనా గమనించారో లేదో, ఆయన పట్టు కోసం ఒక పురుగును తెచ్చాడు, దాన్ని చంపడానికి తెచ్చిన ఈగ ఆ దేశపు పట్టుపురుగుల్ని మాయం చేస్తోంది.

ఈ కథ చెప్పినప్పుడల్లా శ్రోతలు ఈగను తిట్టడం చూస్తాను. ఒక్క నిమిషం ఆగండి. ఆ రోజుల్లోనే ఐరోపా నుంచి వచ్చిన ఇంకో చిమ్మట ఉంది, బ్రౌన్‌టెయిల్. దాని వెంట్రుకలు గాలిలో కలిస్తే జనాలకు ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి ఇబ్బంది. ఒకప్పుడు న్యూ ఇంగ్లండ్ అంతటా ఉన్న ఆ చిమ్మటను సముద్రం ఒడ్డున కొన్ని మూలలకు నెట్టేసింది ఎవరు? ఈ ఈగే అని 2006లో అదే ఎల్కింటన్ బృందం చూపించింది. పట్టుపురుగుల మీద అభియోగం మోపినవాళ్లే ఈ ఘనతనూ దానికి రాశారు. నాకు ఆ నిజాయితీ నచ్చింది. నా వరకు నేనైతే, అవకాశం ఉంటే బ్లెఫరైపాను తెచ్చి కంప్సిల్యూరాను ఓడలోనే వదిలేసేవాణ్ణి. శత్రువును తెచ్చేటప్పుడు అది మన పురుగును ఎన్ని తింటుందన్నది రెండో ప్రశ్న. మన పురుగు లేని పది నెలలూ ఏం తింటుందన్నదే మొదటి ప్రశ్న. 1906లో ఆ ప్రశ్న అడగగలిగినంత సమాచారం వాళ్ల దగ్గర ఉంది. అడగలేదు.

ఇప్పుడు పరిస్థితి ఎలా ఉందని అడుగుతారు. వర్జీనియాలో లూనా అనే లేత ఆకుపచ్చ పట్టు చిమ్మట మీద చేసిన పని 2003లో అచ్చయింది. అక్కడా ఈ ఈగ లూనా గొంగళ్లలో దొరికింది. కానీ ఈగ పిల్లల్ని విప్పి చూస్తే కొన్నిటి లోపల ఇంకొకటి ఉంది. ఆర్థోగొనాలిస్ పుల్చెల్లా అనే కందిరీగ పిల్ల, ఆ దేశపుదే. దాని పద్ధతి వినండి. అది ఈగను వెతకదు, గొంగళినీ వెతకదు. ఆకు అంచుల్లో సన్నని గుడ్లను వేల కొద్దీ పెట్టి వెళ్లిపోతుంది. ఏదో ఒక గొంగళి ఆ ఆకు తిని గుడ్డును మింగాలి. ఆ గొంగళిలోకి ఈగ పిల్లో, మరో బదనికో వచ్చి చేరాలి. చేరకపోతే కందిరీగ పిల్ల ఎదగదు, అక్కడితో దాని కథ ముగుస్తుంది. చేరితే, ఈగ పిల్ల లోపలికి దూరి, అది పెరిగేదాకా ఆగి, దాన్ని తిని బయటికొస్తుంది. వేల గుడ్లలో ఒకటో రెండో ఇలా గట్టెక్కుతాయి. వర్జీనియా ఓక్ అడవుల్లో ఆ ఒకటీ రెండూ కంప్సిల్యూరా లోపల కనబడుతున్నాయి.

ప్రశ్నలుంటే అడగండి.